సూటమ్మ పాడుపెట్టెలు

అట్టపెట్టెల కార్ఖానాలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరికీ సూటమ్మే. మడత సూటిగా ఉంటుంది, మాట అంతకన్నా సూటిగా ఉంటుంది కాబట్టి ఆ పేరు రెండు విధాలా అతికింది. వాచీల పెట్టెలు, నగల పెట్టెలు, ఖరీదైన కలాల పెట్టెలు ఆమె బల్ల మీంచే బయటికి వెళ్లేవి. ఆమె చేసిన పెట్టె మీద మూత ఊరికే ఆనించి వదిలితే చాలు, లోపలి గాలిని మెల్లగా వదులుకుంటూ తనంతట తనే కిందికి దిగేది. కొత్తగా పనిలో చేరినవాళ్లకు యజమాని ఆ తమాషా చూపించి, పెట్టె అంటే ఇదీ అనేవాడు.

ఇంట్లోనూ అదే వరస. తువ్వాళ్ల అంచులు ఒకదాని మీద ఒకటి రావాలి. గుమ్మం పక్కన చెప్పులు గోడకు సమంగా నిలబడాలి. తాళాలు బాగుచేసుకుని బతికే ఆమె భర్త, పగలు కాస్త కునుకు తీద్దామన్నా భయమేస్తోంది, నాలుగు మడతలు పెట్టి నన్ను బీరువాలో సర్దేస్తుందేమో అని చుట్టాల దగ్గర వాపోయేవాడు. ఆమె నవ్వకుండా అతని చొక్కా కాలరు సరిచేసేది.

అదే కార్ఖానాలో ఆమె ఆడబిడ్డ కూడా పనిచేసేది. ఇంట్లో అందరికీ చిట్టి. తను పనిచేసే బట్టల దుకాణం మూతపడి ఇంట్లో కూర్చుంటే సూటమ్మే యజమానితో మాట్లాడి తెచ్చి పెట్టింది. చిట్టి మంచి మాటకారి. చెయ్యి పెట్టె మీద, కళ్లు కిటికీ మీద, నోరు పక్క బల్ల మీద. జిగురు అట్టకు ఎంత అంటేదో మోచేతులకూ అంతే అంటేది. ఆమె పెట్టెల్లో మూతలు కొన్ని ఒక పక్కకి ఒరిగి, టోపీ వంకరగా పెట్టుకున్నట్టు కనిపించేవి. సాయంత్రం అందరూ చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు సూటమ్మ ఆ వరసలోంచి వంకరవి ఏరి, జిగురు పూర్తిగా బిగియకముందే ఊడదీసి, మళ్లీ అతికించి అక్కడే పెట్టేది. ఎవరికీ చెప్పేది కాదు. ఇంటి పిల్ల ఉద్యోగం, ఇంటి పరువు రెండూ నిలబడుతున్నాయి కదా అనుకునేది.

ఇలా ఏళ్లు గడిచాక ఒకరోజు యజమాని ఆమెను తన గదిలోకి పిలిచాడు. సినిమా డిస్కులు అమ్మే కంపెనీ తరఫున డిజైనర్ ఒకాయన వచ్చి కూర్చున్నాడు. గడ్డం నెరుస్తున్న మనిషే గానీ, మాట్లాడుతుంటే బడి పిల్లాడిలా కళ్లు మెరిసేవి. ఎప్పుడో తన చిన్నప్పుడు వచ్చిన ఒక దెయ్యాల సినిమా గురించి చెప్పాడు. హాల్లో వారం కూడా ఆడలేదట. తర్వాత కాపీలు చేతులు మారి, ఇప్పుడు దానికి వీరాభిమానులు తయారయ్యారట. డైలాగులన్నీ కంఠతా చెప్తారట. అందులో ఒక కుటుంబం అద్దె ఇంట్లో దిగుతుంది, అటక మీద ఒక అట్టపెట్టె దొరుకుతుంది. పారేసినా, తగలబెట్టినా, తెల్లారేసరికి అది మళ్లీ అటక మీదే ఉంటుంది. ఇప్పుడు డిస్కు, ఫొటోల పుస్తకం, పోస్టరు అన్నీ కలిపి, అచ్చం ఆ పెట్టె లాంటి పెట్టెలో పెట్టి అమ్ముతారట. దాచుకునేవాళ్ల కోసం.

ఆయన చూపించిన ఫొటోలో ఉన్న పెట్టెకు చెమ్మ పట్టింది, మూలలు ఎలుకలు కొట్టాయి, మూత మీద మురికి వేళ్ల గుర్తులున్నాయి.

"పాడైపోయిన పెట్టె కావాలా మీకు?" అంది సూటమ్మ.

"పాడైపోయినట్టు కనిపించే కొత్త పెట్టె కావాలమ్మా. లోపల మాత్రం డిస్కు కదలకూడదు."

"అంటే మేం శుభ్రంగా చేసి, మళ్లీ మేమే పాడుచెయ్యాలి."

"అంతే" అన్నాడాయన, సులువుగా అర్థమైపోయినందుకు సంతోషిస్తూ.

ఆమె యజమాని వైపు చూసింది. అతను కిటికీలోంచి లారీ వైపు చూశాడు.

మొదటి నమూనా ఆమె ఎంతో శ్రద్ధగా చేసింది. టీ డికాక్షన్‌తో చెమ్మ మరక వేసింది. మూల ఒకటి చింపింది. డిజైనర్ దాన్ని తిప్పి తిప్పి చూసి, మరక గిన్నె బోర్లించి గీసినట్టుందనీ, చిరుగు స్కేలు పెట్టి చింపినట్టుందనీ మర్యాదగానే అన్నాడు. నిజానికి ఆమె రెండూ అలాగే చేసింది. రెండోసారి ఎలుక కొరికిన గుర్తులు కావాలంటే, చిన్న పంచ్‌తో మూల వెంబడి కొట్టుకొచ్చింది. ఆయన ఈసారి నవ్వేశాడు.

"ఎలుక కొలత పెట్టి కొరకదమ్మా."

యజమాని కూడా నవ్వాడు. ఆమెకు పుండు మీద కారం చల్లినట్టయింది. వేళ్ల గుర్తులు వేస్తే ఐదు వేళ్లూ సమాన దూరంలో పడ్డాయి. మట్టి పులిమితే అద్దకం బట్టలా వచ్చింది. ఏ నమూనా పంపినా అదే జవాబు: ఇంకా నీటుగా ఉంది. జీవితంలో మొదటిసారి ఆ మాట ఆమెకు తిట్టయి కూర్చుంది.

సినిమా చూస్తే అయినా అర్థమవుతుందేమోనని సెలవు రోజు మధ్యాహ్నం తలుపులు మూసి, భర్తను పక్కన కూర్చోబెట్టుకుని చూసింది. పెట్టె తెరమీదికి వచ్చినప్పుడల్లా అతను కాళ్లు మంచం మీదికి లాక్కున్నాడు. ఆమెకు ఏ కోశానా భయం వేయలేదు. ఒళ్లు మండింది. ఆ పెట్టె మొదట ఎవరో బాగానే చేశారు, సినిమావాళ్లు దాన్ని తడిపి పాడుచేశారు, దానికి మూత కూడా వేరే పెట్టెది పెట్టారు అంది. అతను వణుకుతూనే, "అక్కడ మనిషిని గోడలోకి లాగేసింది, నీకు మూత గొడవ ఏమిటే" అన్నాడు.

చివరికి ఆ పని చిట్టి చేతిలో పడింది, అదీ ఎవరూ అనుకోకుండా. ఒక పొద్దున డిజైనర్ వచ్చేసరికి ఆమె, పారేసిన నమూనా ఒకటి ఒళ్లో పెట్టుకుని, పక్కావిడతో ఎవరి పెళ్లి సంబంధమో మాట్లాడుతోంది. మాటల్లోనే తడి చేత్తో మూత రుద్దింది, కిటికీ గట్టు మీద దుమ్ములో అటూ ఇటూ ఈడ్చింది, మూల మెత్తబడిందో లేదో చూద్దామని పంటితో కొరికింది. ఆయన అక్కడే ఆగిపోయాడు. పెట్టెను రెండు చేతులా తీసుకుని, ఇదే, ఇదే అన్నాడు. చిట్టి పని పాడుచేసినందుకు తిడతారేమోనని ముందు బెదిరింది, తర్వాత తెల్లబోయింది.

ఆ పూటే యజమాని పని పంచేశాడు. పెట్టెలు కట్టే బల్లకు సూటమ్మ, పాడుచేసే బల్లకు చిట్టి పెద్దలు. ముందు సూటమ్మ కూడా చిట్టి దగ్గర కూర్చుని నేర్చుకోవాలన్నాడు. చిట్టి మంచిగానే నేర్పింది. చూడకుండా చెయ్యి వదినా, ఇంకేదైనా ఆలోచించు అంది. సూటమ్మ తల తిప్పుకుని, పక్కింటివాళ్ల నీళ్ల గొడవ గురించి ఆలోచిస్తూ పులిమింది. తిరిగి చూస్తే మరక మధ్యకే వచ్చింది. చెయ్యి మాట వినలేదు. నా వల్ల కాదని చెప్పి తన బల్లకు పోయింది.

అక్కడా మనశ్శాంతి లేదు. తను మూలలు నొక్కి, అంచులు సరిచూసి, మూత దిగేదాకా చూసి పంపిన పెట్టె, నాలుగడుగుల అవతల తడిసి, నలిగి, మట్టికొట్టుకుపోతోంది. పిల్లకు తలంటి, కొత్త గౌను తొడిగి వీధిలోకి పంపితే, కళ్లెదుటే ఎవరో బురదలో దొర్లిస్తున్నట్టుంది. పాడుపెట్టెలని పేరు పెట్టుకుని ఆ బల్లవాళ్లు నవ్వుకుంటూ పనిచేస్తున్నారు. ఆ నవ్వులన్నీ తన మీదేనని ఆమెకు అనిపించేది. ఇంటికి వచ్చి గిన్నెలు గట్టిగా పెట్టేది. భర్త పెళ్లాం వైపు మాట్లాడితే చెల్లెలికి కోపం, చెల్లెలి వైపు మాట్లాడితే పెళ్లానికి కోపం. అడకత్తెరలో పోకచెక్క అయిపోయి, తాళాల పని ఎక్కువుందని దుకాణంలోనే కూర్చునేవాడు.

ఒక సాయంత్రం చేతులు కడుక్కునే చోట ఇద్దరే మిగిలారు. చిట్టి గోళ్ల సందుల్లో మట్టి తీసుకుంటోంది.

"కాస్త తక్కువ నలపచ్చు కదే" అంది సూటమ్మ. "నేను చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరవుతోంది. చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది."

చిట్టి కుళాయి కట్టేసింది.

"ఇన్నేళ్లూ నా పెట్టెలు నువ్వు ఊడదీసి మళ్లీ అతికిస్తుంటే, నా కడుపు ఏమయ్యేదో ఎప్పుడన్నా అనుకున్నావా?"

సూటమ్మ గిర్రున ఆమె వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"తెలీకేం? పొద్దున వచ్చి చూస్తే నా వరసలో నావి కానివి ఉండేవి. అందరికీ తెలుసు. అడిగితే వదిన మంచికే చేసిందంటారని ఊరుకున్నాను."

"నీ ఉద్యోగం పోకూడదనే కదే చేశాను."

"తెలుసు. అందుకే తిట్టడానికి కూడా లేకుండా పోయింది" అని చిట్టి చీరకు చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది.

ఆ రోజు ఇద్దరూ వేరువేరు బస్సుల్లో ఇంటికి వెళ్లారు. ఆ తర్వాత చాలా రోజులు అలాగే వెళ్లారు. సూటమ్మ ముందు కోపంతో ఉడికింది. మేలు చేసినదానికి ఇదా ఫలితం అనుకుంది. తర్వాత, పొద్దున్నే వచ్చి తన వరసలో పరాయి పెట్టెలు చూసుకునే చిట్టి ముఖం ఎలా ఉండి ఉంటుందోనని ఊహించబోయి, మధ్యలోనే ఆపేసింది. ఆ ఊహ ఆమెకు నచ్చలేదు.

సరుకు వెళ్లింది. సినిమా పిచ్చివాళ్లు ఎగబడి కొన్నారని డిజైనర్ ఫోన్ చేసి చెప్పాడు. కార్ఖానాలో అందరికీ టీలు తెప్పించారు. ఆ సంబరం చల్లారకముందే పెట్టెలు వెనక్కి రావడం మొదలైంది. కొన్నవాళ్లు కొందరు, దారిలో నలిగిపోయింది, మార్చి ఇవ్వండి అంటున్నారట. ఇంటర్నెట్లో చూపిన ఫొటోలో ఈ చిరుగు లేదట. ఇంకొకాయన తనకు వచ్చినదానికి మరకలు తక్కువ పడ్డాయనీ, తనకు అన్యాయం జరిగిందనీ రాశాడట.

వెనక్కి వచ్చినవాటిని యజమాని పెద్ద బల్ల మీద పరిచి, ఏ చిరుగు మనది, ఏ చిరుగు కొరియర్‌వాళ్లది చెప్పమన్నాడు. చిట్టి ఒక్కొక్కటీ ఎత్తి చూసి, చూడకుండా చేసినవాటిని ఇప్పుడు చూసి ఎలా చెప్పమంటారని అడిగింది. డిజైనర్ భూతద్దం తెచ్చాడు. ఆయనా చెప్పలేకపోయాడు. సూటమ్మను అడిగితే, "నేను పంపినప్పుడు అన్నీ బాగానే ఉన్నాయి" అంది. చిట్టికి నవ్వొచ్చింది గానీ, ముఖం అటు తిప్పుకుంది.

చివరికి అడిగినవాళ్లందరికీ మార్చి ఇవ్వడమే తేలికని తేల్చారు. మళ్లీ కొత్త పెట్టెలు కట్టడం, మళ్లీ నలపడం. ఈసారి ప్లాస్టిక్ తొడుగు మీద, ఈ చిరుగులూ మరకలూ కావాలని చేసినవే అని రాసిన చీటీ అతికించారు. దాంతో ఇంకో తంటా వచ్చింది. చీటీ ఉన్న పెట్టె అసలైంది కాదేమోనని ఒకాయన వెనక్కి పంపాడు. సూటమ్మ ఆ పెట్టెను చూసి, వెళ్లి నీళ్లు తాగొచ్చింది.

అలాంటిదే ఇంకో సినిమా పని వస్తే, దాన్ని యజమాని నేరుగా చిట్టికే అప్పగించాడు. సూటమ్మ వాచీల పెట్టెలకు తిరిగి వచ్చింది. అవి తక్కువగా వచ్చే రోజులవి. పని తగ్గితే ఏమవుతుందోనన్న బెంగ ఒక పక్క, సరిగ్గా చేసినదానికన్నా చెడగొట్టినదానికే గిరాకీ ఎక్కువైందన్న కడుపుమంట ఇంకో పక్క. ఆ మాట భర్తతో అంటే, "తాళాలూ అంతేనే, బాగున్నంతకాలం ఎవరూ నా దగ్గరికి రారు" అన్నాడు. అది ఓదార్పో, వేళాకోళమో ఆమెకు అర్థం కాలేదు.

సినిమా పని లేని రోజుల్లో చిట్టి మళ్లీ మామూలు బల్లకు వచ్చేది. ఒకరోజు ఆమె కట్టిన కలాల పెట్టె ఒకటి సూటమ్మ కంట్లో పడింది. మూత పక్కకి పోయింది. జిగురు ఇంకా తడిగానే ఉంది. చిట్టి అప్పుడు అక్కడ లేదు. సూటమ్మ పెట్టె చేతిలోకి తీసుకుంది, అంచు కింద గోరు దూర్చింది, మళ్లీ తీసేసింది. చిట్టి వచ్చేదాకా అలాగే నిలబడింది.

"మూత పక్కకి పోయింది చూడవే" అంది, ఆమె రాగానే.

చిట్టి ఆమెను ఒకసారి, పెట్టెను ఒకసారి చూసింది. ఇప్పటికైనా నోటితో చెప్పావు, సంతోషం అని గొణిగి, ఊడదీసి మళ్లీ అతికించింది. ఈసారి మూత రెండో పక్కకి పోయింది. సూటమ్మ చేతులు వెనక్కి కట్టుకుంది. పళ్లు బిగబట్టి, "ఇంకోసారి" అంది.