పాటకు ముందే పేరు పిలిచే చోటు

వైద్యానికి వేలూరు వెళ్ళిన తెలుగువాళ్ళు ఖాళీ దొరికితే కోట చూసి వచ్చేస్తారు. నన్నడిగితే, ఒక ఆదివారం గుడియాత్తం వెళ్ళి రండి. మేము వెళ్ళింది మాత్రం సరదాకు కాదు. తొంభైల మధ్యలో మాట. నా భార్య కరుణకు గొంతులో గడ్డ లేచి, ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. కావలిలో మా చర్చి పాటలన్నీ ఆమె గొంతు మీదే నడిచేవి. ఆపరేషన్ అయ్యాక ఆదివారం వచ్చిందంటే గోడవైపు తిరిగి పడుకునేది. ఒకసారి పలక మీద రాసి చూపించింది: "ఇంక దేవుడికివ్వడానికి నా దగ్గరేముంది?" ఆ దేవుడి మీద నాకే ఒళ్ళు మండిపోతోంది.

మా లాడ్జి పక్కన కొత్త మేడ లేస్తోంది. ఆ రోజుల్లో వేలూరులో ఎటు చూసినా కొత్త మేడలే. అక్కడ సిమెంటు మోసే ఎస్తేరమ్మ అనే పెద్దావిడ, నేను కరుణతో మాట్లాడే తెలుగు విని పలకరించింది.

"మాది గుడియాత్తం నాయనా. ఆడ మన తెలుగు ఆరాధన ఉండాది. బిడ్డను తోడుకోని రాండి."

"గొంతు పోయిందమ్మా, పాడలేదు."

"పాడమని ఎవురు అడిగినారు?" అనేసి తట్ట నెత్తికెత్తుకుంది.

కరుణ ఆ మాట వింది. ఆదివారం తనే చీర మార్చుకుని కూర్చుంది.

వేలూరు బస్టాండులో పొద్దున ఎనిమిదికల్లా ఎక్కితే కె.వి. కుప్పం మీదుగా గంటా గంటంపావులో దిగుతారు. టికెట్ అప్పుడు ఐదారు రూపాయలు, ఇప్పటి సంగతి కనుక్కోండి. కండక్టర్ రెండు భాషలూ కలిపి కేకేశాడు: "గుడియాత్తమా? ఏరుంగో, సీక్రం! బిరబిరా ఎక్కండి! అమ్మకు కిటికీకాడ ఎడం ఉండాది, కూకోమను సార్." బస్సులో కొత్తగా బిగించిన టీవీ, చెవులు చిల్లులు పడేట్టు సినిమా పాటలు. తగ్గించమని గొడవపడబోతే కరుణ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

బస్టాండు నుంచి ఆటోలో పది నిమిషాలు. మగ్గాలు ఆడుతున్న వీధి చివర ఒక రేకుల షెడ్డు, అదే చర్చి. నాలుగైదు మేస్త్రీ కుటుంబాలు చాపల మీద కూర్చున్నాయి. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చదువంతా తమిళం, తెలుగు అక్షరం రాదు. అందుకని పాటల పుస్తకాలు లేవు, ఒకరు చెబితే మిగతావాళ్ళు అందుకుంటారు. అయితే పాట మొదలుకాలేదు. ఎస్తేరమ్మ లేచి ఒక్కొక్కరి తలమీద చెయ్యి పెట్టి, పేరు పిలిచి, "ఈమెను చూసి దేవుడు మురుస్తా ఉండాడు" అంటూ వస్తోంది. ఇదేమిటని పక్కాయన్ని అడిగాను. "పనికాడ మా ఆడోళ్ళకి పేరుండదు సార్. 'ఏయ్ సిత్తాళు', అంటే కూలిదానా, అనే పిలిచేది. అందుకే ఈడ ముందు పేరు, తర్వాతే పాట," అన్నాడు.

కరుణ దగ్గరికొచ్చి, "నీ పేరేంది బిడ్డా?" అంది. నేను నోరు తెరిచాను. "నువ్వుండు నాయనా. ఆమెనే చెప్పనీ."

కరుణ పెదవులు కదిలాయి. శబ్దం లేదు. ఎస్తేరమ్మ వంగి, ఆ పెదవులనే చూస్తూ, మళ్ళీ చెప్పమని సైగ చేసింది. "కరుణా? కరుణను చూసి దేవుడు మురుస్తా ఉండాడు!" నా భార్య భోరున ఏడ్చింది. ఏడుపుకు కూడా శబ్దం లేదు. ఆ తర్వాత పాటలు మొదలైతే చివరిదాకా చప్పట్లు కొడుతూనే ఉంది.

టీ తాగేటప్పుడు నేను ఉండబట్టలేక అడిగేశాను. "మురిసేవాడైతే ఆమె గొంతెందుకు తీసుకున్నాడమ్మా?"

"నాకు తెలీదు నాయనా. నా కొడుకు మేడ మీదనించి పడి సచ్చినాడు. మట్టి చేసేటప్పుడు వాని తలమీద చెయ్యి పెట్టి ఈ మాటే అన్నా. ఏడస్తానే అన్నా."

గడ్డ తిరగబెట్టి, ఆ ఏడు వానాకాలం దాటకుండానే కరుణ పోయింది. కావలిలో, సమాధి దగ్గర మావాళ్ళు పాటల పుస్తకాలు తెరిచారు. ఒక్క నిమిషం ఆగమని, ఆమె తలమీద చెయ్యి పెట్టాను. పేరు పిలుద్దామంటే గొంతు పెగల్లేదు. పెదవులు మాత్రమే కదిలాయి. కానీలే, విన్నవాడు విన్నాడు. ఆరాధనంటే మనం ఆయనకిచ్చేదేదో అనుకుంటూ బతికాం మేమిద్దరం. ఆయన మమ్మల్ని చూసి ముందే మురుస్తున్నాడని, ఆ మురిపానికి బదులే మా పాటని అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. నా కోపం పూర్తిగా పోలేదు. కోపంతోనే చర్చికి వెళ్తున్నాను, ప్రతి ఆదివారం.

వెళ్ళేవాళ్ళకు ఒకటే సలహా. పాటల వేళకు అందుకుంటే చాల్లే అని తర్వాతి బస్సు ఎక్కకండి. పేరు పిలిచేది పాటకు ముందే.