మా బావికి పట్టిన తర్కశాస్త్రం

నా చదువు మా నాయనను ఎలా నిలువునా ముంచిందో చెబుతాను. మీరు ధారాళంగా నవ్వుకోండి. అప్పట్లో మా ఊరు ఊరంతా నవ్వింది, మీరు కొత్తగా నవ్వితే నాకు పోయేదేమీ లేదు.

యాభైలలో మాట. మాది తిరుత్తణి పక్కన పల్లె. నేను తిరువళ్ళూరులో మేనత్త ఇంట్లో ఉండి, రోజూ రైల్లో మద్రాసు వెళ్ళి ఇంటరు మొదటి సంవత్సరం చదివేవాణ్ణి. ఆర్ట్సు గ్రూపు. అంటే కాస్త చరిత్ర, కాస్త పౌరశాస్త్రం, కాస్త తర్కం, పైన రెండు భాషలు. "ఇది చదివితే ఏమైతావురా?" అని ఊళ్ళో ఎవరడిగినా "ఇది పునాది" అనేవాణ్ణి గంభీరంగా. ఆ పునాది మీద ఏం కడతారో నాకూ తెలియదు.

వాటిలో తర్కం మాత్రం నా తలకెక్కింది. మా తర్కం లెక్చరరు ఒకరోజు ఇలా చెప్పాడు: "వాదానికి దిగేవాడు ముందు ఎదుటి పక్షం చెప్పాలి. ఎదుటివాడే ఇంత బాగా చెప్పలేనని ఒప్పుకునేలా చెప్పాలి. ఖండన ఆ తర్వాత." ఆహా, ఎంత పెద్దమనిషి పద్ధతి అని మురిసిపోయాను. క్లాసులో అలా ఒకసారి వాదిస్తే చప్పట్లు కూడా పడ్డాయి. ఇక నన్ను పట్టేదెవరు?

సరిగ్గా అప్పుడే బావి తగాదా వచ్చింది. మాకూ, అమ్మకు దూరపు అన్న అయిన మునిరత్నం మామకూ ఒకే బావి. పొద్దున ఎద్దులతో కపిల తోలి నీళ్ళు తోడుకునే వంతు మాది, మధ్యాహ్నం ఆయనది. రాత్రంతా ఊరిన నీళ్ళు పొద్దున తోలినవాడికే దక్కుతాయి. మధ్యాహ్నానికి బావి అడుగు కనిపిస్తుంది. ఆ ఎండాకాలం మామ పొద్దటి వంతు తనకు కావాలని మణేగారి దగ్గర మొర పెట్టుకున్నాడు. మణేగారు మా ఊరి పెద్ద, ఆయన మాటకు తిరుగు లేదు. మా చెరకు బతకడం, ఎండడం ఆ మాట మీదే ఉంది.

అమ్మ దిగులు పడితే నాయన కొట్టిపారేశాడు. "నాకేంటికి భయం? నా కొడుకు వాదించే చదువు చదవతా ఉండాడు. వాణ్ణి రానీ!"

వచ్చాను. మణేగారి ఇంటి తిన్నె మీద అందరూ కూర్చున్నాక లేచి గొంతు సవరించుకున్నాను.

"ముందుగా మా మామ పక్షం మనవి చేస్తాను."

ఇదేదో కొత్త ఎత్తు అనుకుని నాయన మీసం దువ్వాడు, పాపం.

"మామ మడి బావికి దూరం. కాలవలో పొయ్యే నీళ్ళు సగం నేలే తాగేస్తాది. నిండు బావి తోడితేనే ఆయన కడ మడికి తడి అందుతాది. మాది బావి పక్కనే. అడుగు నీళ్ళు తోడినా మాకు పారతాది."

మునిరత్నం మామ కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. "అయ్యో, నా కష్టం నాకే ఇంత బాగా తెలీదే!"

"ఒరే, చాలు. మనది చెప్పు," అన్నాడు నాయన పళ్ళ సందున.

"ఉండు నాయినా, ఆయనది ఇంకా అవలేదు."

మణేగారు చెయ్యెత్తాడు. "పోదుంపా, పోదుం! ఇంక చాలు. సొంత కొడుకే ఒప్పుకున్నాక ఇంకేం ఉండాది? ఈ నెలకు పొద్దటి వంతు మునిరత్నానిది."

"అయ్యా, ఖండన ఇప్పుడే కదా మొదలయ్యేది! మా ఎద్దులు ముసలివి, మధ్యాన్నం ఎండలో కపిల లాగలేవు..." అని నేను ఇంకా చెబుతూనే ఉన్నాను. అప్పటికి తిన్నె ఖాళీ. నా ఖండన మొత్తం మణేగారి కుక్క శ్రద్ధగా విన్నది.

కాలేజీకి వెళ్ళి లెక్చరరుతో మొరపెట్టుకుంటే ఆయన కళ్ళజోడు తీసి మరీ నవ్వాడు. "ఓరి అమాయకుడా! వినేవాళ్ళకు ఓపిక లేనిచోట నీ పక్షం సూటిగా చెప్పి కూర్చోవాలి. ఎదుటి పక్షం ఊసే ఎత్తకూడదు." ఈ సవరణ కూడా బుద్ధిగా మింగేశాను.

నెల తిరిగింది. మళ్ళీ పంచాయతీ. ముందురోజు మునిరత్నం మామ మా ఇంటికి వచ్చాడు.

"బావా, ఈసారి కూడా నీ కొడుకు నా తరపున మాట్లాడితే బాగుంటాది."

"దానికేమి బావా, తీసుకోనిపో!" అన్నాడు నాయన, క్షణం ఆలోచించకుండా. అమ్మ చేతిలో గరిటె కింద పడింది.

మామ వెళ్ళాక నాయన నన్ను పక్కకు పిలిచాడు. ముఖం వెలిగిపోతోంది. "కాలేజీలో ఎట్ల నేర్పినారో అట్లనే మాట్లాడు. ఒక్క ముక్క తగ్గించొద్దు." ఆయన ఉదారబుద్ధికి నా కళ్ళు చెమర్చాయి. మామ తరపున లేచినా నేను ముందు మా పక్షమే చెబుతాననీ, మణేగారు అక్కడే ఆపేస్తాడనీ ఆయన వేసుకున్న పథకం నాకేం తెలుసు! అది తర్వాత అమ్మ చెబితే గాని తెలియలేదు.

మర్నాడు నాయన కాలు మీద కాలు వేసుకుని, పెళ్ళికొడుకు తండ్రిలా కూర్చున్నాడు. నేను లేచి దూరపు మడి, నీళ్ళు తాగే కాలవ, ఎండిన కడ మడి, అన్నీ సూటిగా దంచేశాను. నాయన కాలు దిగింది. దగ్గాడు. సైగ చేశాడు. చివరికి ఆగలేక అరిచేశాడు.

"ఎద్దుల సంగతి చెప్పరా!"

"నాయినా, అది ఎదుటి పక్షం. నేను చెప్పకూడదు."

మణేగారు తొడ చరిచాడు. "సబాష్! ఇంక ఎప్పటికీ పొద్దటి వంతు మునిరత్నానిదే."

ఆ వేసవి సెలవులన్నీ మిట్టమధ్యాహ్నం కపిల దగ్గరే గడిచాయి. చెరకు ఆకు చుట్టుకుపోయింది. ఒకరోజు ముసలి ఎద్దు ఒకటి లాగలేక కూలబడింది. నాయన మోకు తెచ్చి నా భుజాన వేశాడు. అటుగా వచ్చిన మామ "ఏం బావా, పిల్లోణ్ణి కట్టినావే?" అన్నాడు.

"ఏం చేసేది బావా? ఇంకా ఒక సంవత్సరం చదువు ఉండాదంట వీడికి. అది అయ్యేలోగా ఇల్లు కూడా నీకే ఇప్పించేస్తాడు."

ఆ మోకు సాక్షిగా, నెత్తిన సూర్యుడు సాక్షిగా, కూలబడిన ఎద్దు సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో ఎవరి తరపునా వాదించను. ఇంతవరకు మాట తప్పలేదు. నా పెళ్ళిచూపుల్లో కూడా నా తరపున మా అమ్మే మాట్లాడింది.