నాయన మోకాళ్లు, నా బోణీ బేరం

కంపెనీలో కొత్తగా చేరే పిల్లలు నన్ను రెండే ప్రశ్నలు అడుగుతారు. ట్రైనింగ్ కష్టంగా ఉంటుందా, చేరాక ఏమేమి ఇస్తారు. మొన్న కొత్తచెరువు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. మందుల కంపెనీలో రెప్రజెంటేటివ్‌గా సెలెక్టయిందట, ట్రైనింగ్‌కు హైదరాబాద్ రమ్మన్నారట, బ్యాగులో ఏం సర్దుకోవాలో తోచడం లేదట. "గట్టి చెప్పులు పెట్టుకో, సిగ్గు ఇంట్లోనే పెట్టిపో" అన్నాను. ఆ పిల్ల నవ్వింది గానీ నేను నవ్వులాటకు అనలేదు. మిగతా సంగతి ఫోన్‌లో చెబితే తేలేది కాదు. అది చెప్పాలంటే మా నాయన మోకాళ్ల దగ్గర మొదలుపెట్టాలి.

మాది సోమందేపల్లె. హైవే నుంచి కాస్త లోపలికి వస్తే మా అంగడి. చింతపండు, బెల్లం, బొరుగులు, శనక్కాయ నూనె, అన్నీ దొరుకుతాయి. నాయన అందులోనే పుట్టినట్టు ఉంటాడు. నేను డిగ్రీ ముగించేనాటికి ఆయన మోకాళ్లు రెండూ పాడయ్యాయి. గల్లాపెట్టె పక్కన కూర్చుంటే మళ్లీ లేచేది మధ్యాహ్నం అన్నానికే. ఎవరైనా పైఅరలోది అడిగితే, "ఆ మూల డబ్బాలో ఉండాది, నువ్వే తీసుకోప్పా" అనేవాడు. కొన్నాళ్లకు మా అంగట్లో ఏది ఎక్కడుందో నాకంటే గిరాకీలకే బాగా తెలిసిపోయింది. "ఇంగ దుడ్లు కూడా వాళ్లనే ఎత్తి పెట్టుకోమను" అని అమ్మ సాధించేది. ఆపరేషన్ చేసి కీళ్లు మారిస్తే నడుస్తాడని డాక్టరు చెప్పాడు. ఆ ఖర్చుకు అంగడే అమ్ముకోవాలి. ఇక ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

నాకు మందుల కంపెనీలో ఉద్యోగం వచ్చింది అప్పుడే. హైదరాబాద్‌లో ఒక హోటల్లో దింపారు. మొదటి రోజు ఒకాయన ప్రొజెక్టర్ పెట్టి కంపెనీ ఏమేమి ఇస్తుందో చెప్పాడు. జీతం, తిరిగినందుకు టీఏ, బయట తిన్నందుకు డీఏ, టార్గెట్ కొడితే ఇన్సెంటివ్, పీఎఫ్. అందరూ ఇన్సెంటివ్ దగ్గర చెవులు నిక్కబొడుచుకున్నారు. నేను మాత్రం చివర్లో వచ్చిన ఇన్సూరెన్స్ దగ్గర ఆగిపోయాను. తల్లిదండ్రులకు కూడా వర్తిస్తుందన్నాడు. నేను లేచి నిలబడి, "ఇప్పటికే ఉన్న మోకాళ్ల నొప్పికి కూడానా సార్?" అని అడిగేశాను. హాలంతా నవ్వింది. ఆయన నవ్వకుండా, "ఇప్పటికే ఉన్న జబ్బులకు కూడా. అయితే ముందు ట్రైనింగ్ పాసవ్వాలి" అన్నాడు.

ఆ రోజు నుంచి నాకు గుండె, కిడ్నీ, రక్తనాళాల బొమ్మలన్నీ నాయన మోకాళ్లలాగే కనిపించాయి. అవి నేర్చుకుంటే ఇవి లేస్తాయి, అంతే లెక్క.

ట్రైనింగ్ కష్టమా అంటే, కష్టమే. పొద్దున్నే పరీక్ష, పగలంతా పాఠం, సాయంత్రం మళ్లీ అప్పజెప్పడం. శరీరం ఎలా పనిచేస్తుందో చెబుతారు, మన మందు అందులోకి పోయి ఏం చేస్తుందో చెబుతారు, పక్క కంపెనీ మందులో లోపమేమిటో ఇంకా శ్రద్ధగా చెబుతారు. అన్నిటికంటే పెద్దది డీటైలింగ్. అంటే డాక్టరు ముందు నిలబడి, ఆయన తల ఎత్తి దించేలోపు మన మందు గురించి చెప్పడం. దాన్ని అద్దం ముందు, మంచం మీద, బాత్రూములో కూడా అప్పజెప్పుకునేవాళ్లం. నా గదిలో ఉన్న కర్నూలు అమ్మాయి నిద్రలో కూడా "గుడ్ మార్నింగ్ డాక్టర్" అనేది. హోటల్ టిఫిన్లు పేర్లు తెలియనన్ని ఉండేవి. అయినా నాకు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ మీదే ప్రాణం కొట్టుకునేది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారే, మేమంతా అట్లాగే టైలు బిగించుకుని, బ్యాడ్జీలు తగిలించుకుని లిఫ్టుల్లో కూడా నిటారుగా నిలబడేవాళ్లం.

మాకు పాఠం చెప్పిన సారుది గుంటూరు వైపు. మీసం తెల్లబడింది, మాట మెత్తన, మార్కులు మాత్రం పిసినారివి. చివరి పరీక్షలో ఆయనే డాక్టరుగా కూర్చుంటాడు. మేము ఒక్కొక్కరం వెళ్లి డీటైలింగ్ చేయాలి. తప్పితే మర్నాడు ఇంకొక్క అవకాశం. అదీ తప్పితే బస్సెక్కి ఇంటికి పోవడమే.

నా ఖర్మకు పొద్దున్నే మొట్టమొదట నన్నే పిలిచారు.

బీపీ మాత్ర గురించి బాగానే మొదలుపెట్టాను. సారు ఫోన్ చూసుకుంటూ విన్నాడు. ఉన్నట్టుండి, "ఇదే జబ్బుకు ఇంకో కంపెనీ మందు తక్కువకు వస్తోందమ్మా. మీది నాకొద్దు" అని ముఖం తిప్పుకున్నాడు.

ఇక్కడ మా ఇళ్ల సంగతి ఒకటి చెప్పాలి. అంగడి తెరిచాక వచ్చే మొదటి గిరాకీని ఖాళీ చేతులతో పంపకూడదు. అది బోణీ. వాడు ఎంతకడిగినా సరే, కాస్త అటూ ఇటూ చేసి వాడి చేతిలో ఏదో ఒకటి పెట్టి పంపాల్సిందే. లేకపోతే ఆ రోజంతా ఈగలు తోలుకోవడమేనని నాయన నమ్మకం. పుట్టినప్పటి నుంచి చూసిన విద్య అది. పొద్దున్న పూట, మొదటి మనిషి, వద్దని ముఖం తిప్పుకుంటున్నాడు. నేర్చుకున్న పాఠాలన్నీ ఎగిరిపోయి నాలుక దానంతటదే కదిలింది.

"అట్లనగాకండి సార్, బోణీ టైము. మీకైతే తగ్గించి ఇస్తా" అన్నాను.

వెనుక కూర్చున్నవాళ్లు పడీపడీ నవ్వారు. పప్పులో కాలు కాదు, రెండు కాళ్లూ వేశాను. మాత్రల పట్టీ మీద ధర అచ్చువేసి ఉంటుంది, దాన్ని తగ్గించడానికి నేనెవరు? అసలు డాక్టరు మందు కొనడు, చీటీ మీద రాస్తాడు. కొనేది రోగి, అమ్మేది మెడికల్ షాపు. ఇవన్నీ నాకు తెలుసు, తెలిసీ అన్నాను. సారు కూడా మీసం కింద నవ్వు దాచుకుని, "రేపు రండి" అన్నాడు.

మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఉద్యోగం పోతుందని కాదు. "ఆ మూల డబ్బాలో ఉండాది, నువ్వే తీసుకోప్పా" అన్న మాట చెవిలో మోగి ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం టీ దగ్గర సారు నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. "మీ నాన్నగారికి షాపుందా?" అని అడిగాడు. ఉందన్నాను. "బోణీ అయితే తగ్గిస్తారు, సరే. మధ్యాహ్నం వచ్చినవాడు ఖరీదెక్కువని వెళ్లిపోతుంటే ఆయన ఏం చేస్తారు?"

నేను ఆలోచించి చెప్పాను. చింతపండు అడిగితే నాయన ముందు దేనికని అడుగుతాడు. పులిహోరకా, పప్పుకా, పండక్కా. ఇంట్లో ఎంతమంది అని అడుగుతాడు. అది తెలిశాక కొత్తది తీసుకోమనో, పాతది చాలనో చెబుతాడు. ధర మాట చివర్లో వస్తుంది.

"మరి నన్ను దేనికని అడగలేదేం?" అన్నాడు సారు. "నా దగ్గరకు ఎలాంటి రోగులు వస్తారో మీకేం తెలుసని తగ్గించేశారు? మన పుస్తకంలో దానికో పెద్ద ఇంగ్లీషు పేరుంది. మూడు రోజులు పాఠం చెప్పాను. మీరు రాసుకున్నారు కూడా."

అడగందే అమ్మైనా పెట్టదని మేమనుకునేది తినేవాళ్లు అడగాలని. పెట్టేవాళ్లు కూడా అడగాలని నాకప్పుడే ఎక్కింది.

మర్నాడు సారు మళ్లీ అదే మాట అన్నాడు, తక్కువకు వస్తోంది, మీది నాకొద్దు అని. నేను ఊపిరి పీల్చుకుని, "మీ దగ్గరకు బీపీ పేషెంట్లు ఎక్కువగా ఎక్కడి నుంచి వస్తారు సార్?" అన్నాను. పల్లెల నుంచన్నాడు, చేలల్లో పనికి పోయేవాళ్లన్నాడు. "ఆ మందు రెండు పూటలా వేసుకోవాలి కదా. సాయంత్రం మాత్ర గుర్తుంటుందా సార్ వాళ్లకు?" ఆయన ఫోన్ కింద పెట్టాడు. మరిచిపోతారన్నాడు. మాది పొద్దున ఒక్కటేనని చెప్పాను. కొందరికి కాళ్లు వాయవచ్చు, చూసుకోమని చెప్పండి అని అది కూడా చెప్పాను. సారు లేచి, డాక్టరు వేషం వదిలేసి, "బోణీ అయిందమ్మా" అన్నాడు. ఆ సంతోషంలో ఆయన కాళ్లకు మొక్కబోయాను. నన్ను ఆపి, తర్వాతి అబ్బాయిని పిలిచాడు.

నాకు అనంతపురం హెడ్‌క్వార్టర్ ఇచ్చారు, అంటే అక్కడే ఉండి చుట్టుపక్కల ఊళ్ల డాక్టర్ల దగ్గరకు తిరగాలి. చేతికి ట్యాబ్, భుజానికి బ్యాగు, నాయన, అమ్మల పేర్లతో ఇన్సూరెన్స్ కార్డు. గంతులేసుకుంటూ ఇంటికి వచ్చి కార్డు నాయన చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి నాకే ఇచ్చేశాడు.

"ఊరికే యెవురిస్తారు పాపా? మీ కంపెనీవాళ్లకి నేనేమయితా? నా మోకాళ్లు వాళ్లకెందుకు?"

"అందరికీ ఇస్తారు నాయనా."

"తూకంలో మొగ్గిచ్చినోడు ధరలో లాగుతాడు. నేనీ పనిలోనే ముసిలోన్నయినా, నాకు చెప్తావా?"

ఏం చెప్పినా వినలేదు. వ్యాపారి ఎంత తెలివైనవాడో అంత మొండివాడు. వచ్చినప్పుడల్లా నా ట్రైనింగ్ అంతా ఆయన మీద ప్రయోగించాను. సారు చెప్పినట్టు ప్రశ్నలు కూడా వేశాను.

"నాయనా, దినానికి ఎన్నితూర్లు లేస్తావు?"

"లేసేదే లేదు. లేస్తే కదా నొప్పి."

ఇంకేం అడుగుతాం? మా అనంతపురం డాక్టర్లు నయమనిపించింది. కోపమొచ్చి రెండు ఆదివారాలు ఇంటికి పోలేదు. మూడో ఆదివారం బస్సులో కూర్చుని, ఎండిన శనక్కాయ చేలు చూస్తూ పోతుంటే ఉపాయం తట్టింది. నాకే నవ్వొచ్చింది.

సోమవారం పొద్దున్నే స్నానం చేసి, డ్యూటీకి పోయే బట్టలు వేసుకుని, బ్యాగు తగిలించుకున్నాను. నాయన అంగడి తెరిచి నీళ్లు చల్లించి, ఊదుబత్తి వెలిగించి, తక్కెడకు మొక్కి కూర్చున్నాడు. నేను ఇంట్లోంచి కాకుండా వీధిలోంచి చుట్టూ తిరిగి వచ్చి గిరాకీలు నిలబడే చోట నిలబడ్డాను.

"ఏం పాపా, ఆడ నిలబడినావు? బస్సుకు పోల్యా?"

"బోణీకొచ్చినా నాయనా."

ఆయన ముఖం మారిపోయింది. నా వెనుక అప్పటికే బెల్లానికి ఒక గొర్రెల కాపరి వచ్చి నిలబడ్డాడు. ఇక తప్పించుకునే దారి లేదు.

"ఏం కావాల?" అన్నాడు మెల్లగా.

"నీ మోకాళ్లు."

లోపల అమ్మ చేతిలోని గిన్నె చప్పుడు ఆగిపోయింది. నాయన తక్కెడ వంక చూశాడు, ఊదుబత్తి వంక చూశాడు, కాపరి వంక చూశాడు. నా వైపు మాత్రం చూడలేదు.

"రెండూనా?"

"రెండూ."

"జాస్తయితాంది. తగ్గించుకో."

ధర తగ్గించకూడదని కంపెనీ నేర్పిన పాఠం నాకు బాగా గుర్తుంది. కానీ ఆ మనిషి కళ్లలో భయం చూశాను. ఊరికే వచ్చేదాని గురించి కాదు, కత్తి గురించి. ఇన్నాళ్లూ నాకది తెలియలేదు, ఎందుకంటే నేనది అడగలేదు.

"సరే, ఒకటి" అన్నాను. "నొప్పి జాస్తుండేది."

"తీసుకో పో" అన్నాడు. "బోణీ బేరం." అని తక్కెడ తాకి కళ్లకద్దుకున్నాడు. కాపరి ముందుకొచ్చి, "నా బేరం కూడా చూడప్పా, బెల్లం కావాల" అన్నాడు. "ఆ మూల డబ్బాలో ఉండాది, నువ్వే తీసుకో" అన్నాడు నాయన.

బెంగళూరులో ఆపరేషన్ అయింది. కంపెనీవాళ్లు ధరలో ఏమీ లాగలేదు. కుడికాలు లేచింది. వ్యాయామం చేయించడానికి వచ్చిన అమ్మాయిని నానా మాటలన్నాడు గానీ చెప్పినవన్నీ చేశాడు. మొదటిసారి తనే లేచి డబ్బా దించినరోజు గిరాకీలు కంగారుపడి, "మేం తీసుకుంటాంలే పెద్దాయనా" అన్నారట. నాకు ఫోన్‌లో చెబుతూ అమ్మ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. రెండో మోకాలి మాట నేనెత్తలేదు. బేరం బేరమే.

పోయిన నెల విడపనకల్లులో ఒక క్లినిక్ బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాను. డాక్టరమ్మ ఇంకా రాలేదు. నాయన ఫోన్ చేశాడు. అంగడి తెరిచే వేళ ఆయన ఎవరికీ ఫోన్ చేయడు.

"ఏం నాయనా, అంతా బాగుండారా?"

"బాగుండాము. నీకు బోణీ అయిందా?"

"ఇంకా లేదు. డాక్టరమ్మ రావాల."

ఫోన్‌లో తక్కెడ గొలుసు చప్పుడు వినిపించింది.

"ఆ రెండోది ఇంకా ఉండాదా మీ కంపెనీలో?"

"ఉండాది నాయనా" అన్నాను.

"అయితే ఈ పొద్దు నీ దగ్గరికి బోణీకొచ్చినా పాపా" అన్నాడు. "కాదనగూడదు."