తడిపిన రాయి

వాటర్‌కలర్ వర్క్‌షాప్ కోసం మార్కాపురంలో కొన్న రంగుల ట్యూబులను బస్సులో ఒళ్లో పెట్టుకుని చూసుకుంటున్నాను. పక్కన పలకల గనిలో పనిచేసే పెద్దాయన కూర్చున్నాడు.

“ఏం బొమ్మ ఏస్తావమ్మా?” అన్నాడు.

“మన పలకరాయి గుట్టలు,” అని నల్ల ట్యూబు చూపించాను.

ఆయన సంచిలోంచి రాతిముక్క తీసి, సీసాలోని నీళ్లు దానిమీద పోసి తడిపాడు. నలుపులోంచి నీలం, ఆకుపచ్చ తేలాయి.

“తడిపి చూడందే మేం ఏ రాయినీ నమ్మం తల్లీ. ఇది తీసుకపో, చూసి ఏద్దువు.”

నీటిరంగుల కోసమే కొన్న కాగితాలు తడుస్తాయని వద్దన్నాను. ఆయన రాయిని కండువాతో తుడిచి, సంచిలో వేసుకుని తర్లుపాడులో దిగిపోయాడు.

ఆ నల్ల ట్యూబు ఎప్పుడో అయిపోయింది. తర్వాత నీలం కొన్నాను, ఆకుపచ్చ కొన్నాను. ఎన్ని నీళ్లు కలిపినా, నా బొమ్మల్లో రాయి ఇంకా పొడిగానే ఉంది.