ఫోటో వరకే ప్రయాణం

మా ముత్తాత శంషాబాద్ దగ్గరి మా ఊరికి శిస్తు వసూలు చేసే మాలీ పటేల్. తాత పోలీస్ పటేల్. పని మీద వచ్చినవాళ్లు మా గడప బయటే చెప్పులు విడిచేవారు. నేను యాడ్ ఫిల్ములకు అసిస్టెంట్ డైరెక్టర్‌ని.

యాడ్ విదేశంలో తీసినా, యూనియన్ కార్డున్న అసిస్టెంట్ డైరెక్టర్‌ను ఒకరిని పెట్టుకోవాలని మా యూనియన్ నియమం. అలా పోయినేడు బ్యాంకాక్ షూటింగుకు నన్ను పిలిచారు. టికెట్ ఎయిర్‌పోర్టులో ఇస్తామన్నారు. ఊళ్లో మళ్లీ తలెత్తుకు తిరగొచ్చనుకున్నాను. మా పాత పాలేరు కొడుకు యాదగిరి తన కిరాయి కారులో దింపి, మెడలో బంతిపూల దండ వేశాడు.

ఎయిర్‌పోర్టు గేటు ముందు ప్రొడక్షన్ మేనేజర్ యూనిట్ అందరినీ నిలబెట్టి ఫోటో తీసి యూనియన్‌కు పంపాడు. తర్వాత నా భుజం మీద చెయ్యేశాడు.

"అన్నా, ఇగ నువ్వు ఇంటికి పో. బ్యాంకాక్‌ల పనికి అక్కడి మనుషులే ఉన్నరు."

"మరి రూలు?"

"పెట్టుకోవాలె అనుంది, తీస్కపోవాలె అని లేదు. పెట్టుకున్నం గదా! నీ పేరు పోతది పటేల్ సాబ్, నువ్వు పోవు."

వెనక ఎవరో నవ్వారు. దండ తీయడం కూడా మరిచిపోయి, ఇంకా అక్కడే ఉన్న కారు దగ్గరికి వచ్చాను.

"ఏంది పటేలా, గిట్ల మళ్లొచ్చిన్రు?" అన్నాడు యాదగిరి.

జరిగింది చెప్పాను. ఇంటి దగ్గర దిగుతుంటే, "కిరాయి వద్దు పటేలా" అన్నాడు.

ఆ జాలిని ఇప్పటికీ దిగమింగలేకపోతున్నాను. ఆ యూనియన్ కార్డుకు ఫీజు కట్టడానికే మా ఇంటి సింహద్వారం టేకు తలుపులు ఒక రిసార్టుకు అమ్మాను.