పది లక్షల కాయల లెక్క

“వారం రోజులేనే అమ్మాయ్, మొదటి కోత అయిపోగానే బడికి పోదువుగాని” అన్నాడు నాన్న. ఆ ఏడు సత్తెనపల్లి చుట్టుపక్కల మిరపంతా ఒక్కసారే పండింది, కూలీలు దొరకలేదు. అమ్మా నాన్నా నేనూ, ముగ్గురమే ఎకరం చేలోకి దిగాం. నేను ఎనిమిదో తరగతి. నెల రోజుల్లో గురుకులం ఎంట్రెన్స్. దరఖాస్తు నింపి, ఫొటో అంటించి, లెక్కల సారు చేతికి ఇచ్చేశాను. సీటొస్తే హాస్టల్లో ఉండి చదువుకోవచ్చు, చేలో పనున్నప్పుడల్లా బడి మానక్కర్లేదు. నాకు వేరే కోరికేం లేదు.

మూడో రోజుకీ గట్టు దగ్గరే ఉన్నాం. వారంలో అవుతుందా అని అనుమానం వచ్చింది. సారు ఆ మధ్యే ఘాతాంకాలు చెప్పారు. సున్నాలన్నీ మోయకండి, పది మీద చిన్న అంకె వేసుకుని, గుణించేటప్పుడు ఆ పై అంకెలు కూడండి అని. మజ్జిగ వేళ బస్తా మీద కూర్చుని నోటుబుక్కు తీశాను. గట్టువార మొక్కలు ఎక్కువ కాస్తాయి, వాటిని నమ్మకూడదు. చేను నడుమ పది మొక్కలు చూసొచ్చాను. మొక్కకి పండుకాయలు యాభై. ఎకరానికి మొక్కలు ఇరవై వేలు. రెండు ఇంటూ పది పవర్ నాలుగు, ఐదు ఇంటూ పది పవర్ ఒకటి. రెండైదులు పది, పై అంకెలు కూడితే ఐదు, ఆ పదిని కూడా కలిపితే పది పవర్ ఆరు. పది లక్షల కాయలు. మనిషి నిమిషానికి ఇరవై, రోజుకి ఐదొందల నిమిషాలు, అంటే పది పవర్ నాలుగు, పదివేల కాయలు. ముగ్గురికి ముప్పై వేలు. ముప్పై మూడు రోజులు.

ఎక్కడైనా ఒక సున్నా ఎక్కువ పడిందేమోనని మళ్ళీ చేశాను. తప్పు నాదైతే బాగుండునని ఎంత కోరుకున్నానో. మళ్ళీ అదే వచ్చింది.

పాపం నాన్న, చదువుకోలేదు, అంచనా తప్పిందనుకున్నాను. ఆయన చిన్నబుచ్చుకోకుండా నెమ్మదిగా చెప్పబోయాను.

“ముప్పై రోజులు దాటుద్ది. ఇరవయ్యేళ్ళ నుంచి మిరప వేస్తన్నా, నాకు తెలీదా?” అన్నాడు.

“మరి వారమన్నావుగా నాన్నా?”

“నెలంటే నువ్వు దిగేదానివా?”

నాకు పేజీ పట్టిన లెక్క ఆయనకి నోట్లోనే ఉంది. అమ్మ తలెత్తలేదు. అమ్మకీ తెలుసు. నాకు ఒళ్ళు మండిపోయింది. చేతుల మంట దాని ముందు ఏపాటి.

మర్నాడు ఇంట్లో చెప్పకుండా బడికి పోయాను. సారు నా లెక్క చూసి బాగుందన్నారు. హాల్ టికెట్ ఎప్పుడొస్తుందండీ అని అడిగాను. ఆయన నా వంక వింతగా చూశారు.

“మీ నాన్న వచ్చి దరఖాస్తు వెనక్కి తీసుకెళ్ళాడుగా. నువ్వే వద్దన్నావన్నాడు.”

“ఎప్పుడండీ?”

“సోమవారం.”

వారం రోజులేనని నాన్న నాతో అన్నది మంగళవారం పొద్దున, ఎండ తగలకుండా నా తలకి తన చేత్తో గుడ్డ కడుతూ.