గంగమ్మ కూతురు

నిన్న జువ్వలదిన్నె ఒడ్డున తాబేలు గుడ్లు పెట్టిన చోట ఎవరో కాపలాకు వల కట్టి ఉంచారు. అది చూడగానే మా అవ్వ గుర్తొచ్చింది.

"సముద్రంలో ఉండే గంగమ్మకి తాబేలు కూతురు. పురుటికి మన ఊరొస్తాది. దానికి కీడు చేస్తే గంగమ్మ మన వలలో చేప పడనీదు" అని సాయంత్రాలు అవ్వ కథ చెప్పేది.

చలికాలం చివర్లో నేను పొద్దున్నే ఒడ్డుకు పరుగెత్తి, ఇసుకలో తాబేలు పాకిన జాడ కనబడితే వచ్చి అవ్వకు చెప్పేదాన్ని. "యాడ చూసినావు పాపా? చూపించు" అంటూ వెంట వచ్చేది. అక్కడ పసుపు చల్లి, దండం పెట్టి, నన్ను ఇంటికి పంపేది. అవ్వ గుడ్లకు కావలి ఉంటుందనుకునేదాన్ని.

ఒకరోజు మరిచిపోయిన పుస్తకం కోసం బడి నుంచి మధ్యలో ఇంటికొచ్చాను. వంటింట్లో గంపనిండా ఇసుక అంటిన తెల్లటి, గుండ్రటి గుడ్లు ఉన్నాయి. అవ్వ కూరకు ఉల్లిపాయలు తరుగుతోంది.

"అవ్వా, ఇవి గంగమ్మ కూతురివి కదా?"

అవ్వ తలెత్తలేదు. "అన్నీ తియ్యలేదులే, సగం వదిలినాను. నువ్వు తినే గుడ్ల కూర ఏందనుకున్నావు? దాంతోనే గదా నీ ఆయాసం తగ్గింది."

జాడ చూపించింది నేనే.

ఆ తర్వాత జాడ కనబడితే కాళ్ళతో చెరిపేసి, తాబేలు రాలేదని చెప్పేదాన్ని. అవ్వ పసుపు మనసారానే చల్లిందని ఇప్పుడు అనుకుంటాను. అప్పుడు మాత్రం క్షమించలేకపోయాను. ఆమె కథ మొదలుపెట్టి, "ఊఁ కొట్టవేంది పాపా?" అని అడిగేది. నేను గోడవైపు తిరిగి పడుకునేదాన్ని.